పీచయ్య ఏటివైపు గూళ్ళు

అనగనగా ఒక అడవిలో, ఏటి గట్టు మీద ఈతచెట్టుకి, పీచయ్య అనే గిజిగాడు గూడు కట్టుకున్నాడు. గిజిగాడు తెలుసుగా పిల్లలూ? పిచ్చుకంత పిట్ట. గడ్డిపోచలు ముక్కుతో అల్లి, సొరకాయ బుర్రలాంటి గూడు కొమ్మకి వేలాడదీస్తాడు. అందులోనూ పీచయ్య పనితనం అలాంటిలాంటిది కాదు. అతని గూట్లో వాన చుక్క పడితే ఒట్టు. పెళ్ళాం నారమ్మ ఆ గూడు ఎక్కి చూసి, లాగి చూసి, ఊగి చూసి, అప్పుడు గాని కాపురానికి రాలేదు. గిజిగాళ్ళలో అంతే. గూడు నచ్చితేనే పెళ్ళి.

ఆ చెట్టు మొదట్లో బొరియ తవ్వుకుని గాదన్న అనే పందికొక్కు ఉండేవాడు. బొరియ నిండా గింజలే. అవి ఎక్కడివని నన్నడక్కండి, పక్క ఊరి రైతుల్ని అడగండి.

ఒకరోజు గాదన్న తలెత్తి, "అల్లుడూ పీచయ్యా! ఇంత పనితనం పెట్టుకుని ఒక్క గూటితో సరిపెట్టుకుంటావా? ఇంకో ఆరు కట్టి అద్దెకివ్వు. నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చో. గింజలు వాటంతటవే నడిచొస్తాయి" అన్నాడు.

"ఆరంటే కూలిపిట్టల్ని పెట్టాలి మామా. వాళ్ళకివ్వడానికి గింజలెక్కణ్ణించి తేను?"

"నేను లేనూ? అప్పిస్తాను. నెలకి పది దొప్పల గింజలు కట్టు, చాలు. తూర్పు వైపు గూటికి అద్దె ఒక దొప్పే వస్తుంది. ఏరు కనబడేలా పడమటి వైపు కట్టావనుకో, రెండేసి దొప్పలు కళ్ళకద్దుకుని ఇస్తారు. ఆరు గూళ్ళకి పన్నెండు. నాకు పది, నీకు రెండు. అప్పుకి హామీగా, ఏదో మాటవరసకి, నీ పాత గూడు నా పేర రాయి."

పీచయ్య ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పాడు.

"ఏమయ్యా, ఒక్క గూడు ఖాళీ పడితే?" అంది నారమ్మ.

"మన గూళ్ళు ఖాళీ పడటమేమిటే!"

"చిరిగితే?"

"నా చేతి పని చిరగడమేమిటే!"

"అద్దె ఇవ్వకపోతే?"

"ఎందుకివ్వరే!"

చూశారా పిల్లలూ, మూడు ప్రశ్నలడిగింది. మూడు ఆశ్చర్యాలొచ్చాయి. జవాబు ఒక్కటీ రాలేదు.

"పోనీ, మన గూడులాగే తూర్పు వైపే కట్టవయ్యా. వానాకాలం గాలి పడమట నుంచి కొడుతుందని మన ముత్తాతల నాటి నుంచీ అందరూ చెట్టు చాటునే కట్టారు" అంది నారమ్మ.

"వాళ్ళకి అద్దె సంగతి తెలీదు, పాపం" అన్నాడు పీచయ్య.

ఆరు గూళ్ళూ ఏటివైపు లేచాయి. మొదటి నెల అన్నీ నిండాయి. పన్నెండు దొప్పలూ వచ్చాయి. గాదన్నకి పది పోగా రెండు మిగిలాయి.

"ఆ రెండూ దాచిపెట్టు. రేపేదైనా చిరిగితే పనికొస్తాయి" అంది నారమ్మ.

పీచయ్య దాచలేదు. చెట్టు మీద పిట్టలన్నిటినీ పిలిచి విందు చేశాడు. గడ్డి మొయ్యడం కూడా మానేశాడు. "ఓనరు గడ్డి మోస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు.

ఇంతలో వానలొచ్చాయి.

ముందుగా అద్దెకున్న జీనువాయి పిట్టల జంట వచ్చింది. "ఓనరుగారూ, గోడలోంచి నీళ్ళు కారుతున్నాయి. నాలుగు పోచలు అల్లి పెట్టరూ?"

"వానాకాలం కదమ్మా, కారుతుంది మరి" అన్నాడు పీచయ్య, ఈతమట్ట మీంచి కదలకుండా.

జీనువాయిలు మూటాముల్లే సర్దుకుని ఎగిరిపోయాయి.

తర్వాత పీచయ్య అద్దె కోసం చిట్టెలుక గూటికెళ్ళాడు. వెళ్ళి చూస్తే గోడకి తలకాయంత కన్నం! "ఇదేమిటే!" అని కేకేశాడు.

"గాలాడటం లేదండీ ఓనరుగారూ. కిటికీ కొరుక్కున్నాను. నా పళ్ళు అరిగిన ఖర్చు అద్దెలో మినహాయించుకోండి" అంది చిట్టెలుక మర్యాదగా.

ఆ పై గూట్లో మిణుగురులుండేవి. "అద్దెంటారేమిటి ఓనరుగారూ? నెల్లాళ్ళ నుంచీ మీ గూట్లో దీపాలు పెడుతున్నాం. న్యాయంగా మీరే మాకివ్వాలి" అన్నాయి.

ఆ నెల వచ్చింది ఆరు దొప్పలు. గాదన్నకి కట్టాల్సింది పది. మిగిలిన నాలుగూ ఇంట్లో దాచుకున్న తిండిగింజల్లోంచి తీసి కట్టాడు పీచయ్య. ఇల్లంతా ఖాళీ అయింది. నారమ్మ ఆ రోజు ఏమీ తినలేదు. అప్పటికి ఆవిడ గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడుతున్నాయి.

ఆ మర్నాడే పడమటి గాలి లేచింది. మధ్యాహ్నానికల్లా ఏటివైపు గూళ్ళు ఆరూ ఒక్కొక్కటే తెగి ఏట్లో పడ్డాయి. అద్దెకున్నవాళ్ళు ఎలాగో బయటపడ్డారు. గూళ్ళు మాత్రం బుడుంగున మునిగి, తేలి, కొట్టుకుపోయాయి. ఏరు చూడటానికి కట్టినవి కదా, దగ్గర్నుంచే చూశాయి.

నెల తిరిగేసరికి గాదన్న పైకి చూసి, "ఏమోయ్!" అన్నాడు. అల్లుడు అనే మాట గూళ్ళతోపాటే ఏట్లో పోయింది. "గింజలు లేవుగా? అయితే అప్పు కింద పాత గూడు నాది."

పీచయ్య గబగబా కిందికి దిగొచ్చాడు. "మామా, నీ కాళ్ళు పట్టుకుంటాను. లోపల నారమ్మ మొన్ననే పెట్టిన మూడు గుడ్లున్నాయి. కదిపితే పోతాయి. అయినా నువ్వు చెట్టెక్కలేవు, గూడేం చేసుకుంటావు?"

"ఎక్కడమెందుకు? అద్దెకిస్తాను. నీకే ఇస్తాను, కాపురం చేసుకో. నెలకి రెండు దొప్పలు."

"తూర్పు గూటికి ఒక దొప్పేనన్నావుగా!"

"అది అప్పటి మాట. ఇప్పుడు చెట్టు మొత్తానికి మిగిలింది ఇదొక్కటే. రేటు పెరిగింది."

గుడ్ల కోసం ఒప్పుకున్నాడు పీచయ్య. తన చేత్తో అల్లిన గూట్లో తనే అద్దెకి దిగాడు. తెల్లారి లేస్తే పొలాల వెంట తిరిగి, ఏరుకొచ్చిన గింజల్లో సగం బొరియలో పోసేవాడు.

మళ్ళీ వాన కురిసింది. విందులూ వసూళ్ళూ అంటూ తిరిగిన ఆ రెండు నెలలూ పాత గూటి కేసి ఎవరు చూశారు? పైకప్పు సడలింది. ఒక చుక్క టప్పుమని సరిగ్గా గుడ్డు మీద పడింది. నారమ్మ రెక్క అడ్డం పెట్టి, "ఏమయ్యా, వెళ్ళి అడుగు!" అని ఏడ్చింది.

పీచయ్య తడుస్తూ కిందికెళ్ళాడు. "ఓనరుగారూ, కప్పు కారుతోందండీ. గుడ్లు తడుస్తున్నాయి."

గాదన్న వెచ్చగా ముడుచుకుని పడుకుని, ఒక కన్ను తెరిచాడు.

"వానాకాలం కదోయ్, కారుతుంది మరి."

పీచయ్యకి ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. కాసేపటికి ఎక్కడ విన్నాడో గుర్తొచ్చింది. సిగ్గుతో తల వాలిపోయింది. ఏటి ఒడ్డుకెళ్ళి నాలుగు పచ్చి పోచలు తెంపుకొచ్చి, వానలోనే కప్పుకి అల్లాడు. నారమ్మ ఈకలు దులుపుకునేంతలో పని అయిపోయింది. కారడం ఆగింది.

నారమ్మ ఆ నాలుగు పోచల కేసి చూసింది. "ఇంతే పని కదూ, ఆ జీనువాయిలు అడిగింది?"

"ఊఁ" అన్నాడు పీచయ్య.

అద్దె మాత్రం ఆ నెల కూడా రెండు దొప్పలే. గూడు ఇప్పుడు బాగుపడిందని గాదన్న వచ్చే నెల నుంచి మూడంటున్నాడు.

నీతి: గూళ్ళన్నీ నిండిన నెలని చూసి అప్పు చెయ్యకు, ఖాళీగా ఊగే నెలని చూసి చెయ్యి. అద్దె తీసుకునే ముక్కుతోనే గడ్డిపోచ కూడా పట్టుకో.