ఉప్పుటేటి మైల

భద్రయ్య మాస్టారి దగ్గరికి ఎంత పెద్ద ప్రశ్న మోసుకెళ్ళినా, ఆయన ముందు అడిగేది అన్నం తిన్నావా అనే. శిష్యుడు నూకరాజుకి ఆ రోజు ఆ మాట వింటే ఒళ్ళు మండింది. రొయ్యల ఫ్యాక్టరీ వాళ్ళు గొట్టం వేసి మురుగంతా ఊరి ఉప్పుటేట్లోకి వదులుతున్నారు. చేపలు చచ్చి తేలుతున్నాయి. దాన్ని ఆపించాలని పొద్దున్నే కుర్రాళ్ళని వెంటేసుకుని ఫ్యాక్టరీ గేటుకి అడ్డంగా కూర్చున్నాడు. రొయ్యలు వలిచే పనికి వచ్చిన సొంత ఊరి ఆడవాళ్ళనే, ఊరికి ద్రోహం చేస్తున్నారని నానా మాటలూ అన్నాడు. వాళ్ళు ఊరుకుంటారా? తిట్టిపోసి, తోసుకుని లోపలికి వెళ్ళారు. అందరికంటే ముందు తోసింది మేనత్త బండెమ్మ, తల్లి లేని వాణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి. వాడి మనసు అక్కడే చివుక్కుమంది.

"ఏం చేస్తే ఆ గొట్టం మూతపడుతుంది, గురువుగారూ?" అని అడిగాడు.

మాస్టారు వాడి వంక ముద్దుగా చూశారు. "మీ అత్త ఇంటికెళ్ళి అన్నం తిను. నోరు మాత్రం తినడానికే తెరువు," అన్నారు.

మొహం వేలాడేసుకుని వెళ్ళాడు. బండెమ్మ తిట్టలేదు. కంచం పెట్టి, పులుసు పోస్తూ పోస్తూ ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ మురుగు చూస్తుంటే తనకీ కడుపు తరుక్కుపోతోందట, కానీ కూలి మానితే పొయ్యి వెలగదని భయమట. ఏదో అనేద్దామని వాడి నాలుక దురద పెట్టింది. గురువు మాట గుర్తొచ్చి ముద్ద మింగాడు.

"ఆ ఏట్లోనే కదరా నీకు ఈత నేర్పినాను," అంది బండెమ్మ. "మనిషి పోతే ఊరంతా మైల పట్టి పని మానేస్తాం. ఏరు పోతే మైల నేదేటి?"

ఆ ఊళ్ళో చావు జరిగితే ఎవరూ వల ముట్టరు, పనికి పోరు, పొయ్యి వెలిగించరు. పొరుగూళ్ళ చుట్టాలే అన్నం వండి పంపుతారు. బండెమ్మ మాట పక్కింటికి, అక్కణ్ణించి వీధివీధికీ పాకింది. తెల్లారేసరికి ఊరంతా ఏటిగట్టున చేరి, అయినవాళ్ళు పోయినట్టే ఏడ్చింది. ఫ్యాక్టరీ లారీ కూలీల కోసం పొరుగూళ్ళకి వెళ్తే, చుట్టాలు మైలలో ఉంటే మేమెలా వస్తామన్నారు అక్కడి ఆడవాళ్ళు. వచ్చారు గానీ, అన్నం గంపలతో ఏటిగట్టుకి వచ్చారు. వలిచే చెయ్యి లేక ఫ్యాక్టరీలో రొయ్యలు గుట్టలుగా పడి కంపుకొట్టాయి. ఆఖరికి మేనేజరే దిగొచ్చి, ఊరి పెద్దల ఎదుట ఆ గొట్టాన్ని సిమెంటుతో మూయించాడు. అప్పుడు గానీ ఆడవాళ్ళు తలస్నానాలు చేసి పనికి వెళ్ళలేదు.

నూకరాజు కాళ్ళు నేలమీద ఆనితే ఒట్టు. పరుగున గురువు దగ్గరికి వచ్చి, పై ఊళ్ళో క్వారీ వాళ్ళు కొండని తవ్వేస్తున్నారు, రేపే వెళ్ళి అక్కడా మైల పట్టించేస్తానన్నాడు. మాస్టారు నవ్వి, వాడి జబ్బ పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పట్టిద్దువుగానిలే. ముందు వెళ్ళి, ఆ కొండ కోసం అక్కడ ఎవరు ఏడుస్తున్నారో చూసి రా."