తెర మీది రెండు ప్యాకెట్లు

ఖాదర్ మాస్టారుకి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్లను కూర్చోబెట్టి టీ తెప్పిస్తారు. టీ తాగేలోగా ప్రశ్న మరిచిపోయి లేచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇందుమతి ఆ రకం కాదు.

మాస్టారు రాజమహేంద్రవరంలో ఒక స్వచ్ఛంద రక్తనిధి కంప్యూటర్లు చూస్తూ, ఆసక్తి ఉన్నవాళ్లకు ఆ పని నేర్పుతుంటారు. చుట్టుపక్కల రక్తనిధుల లెక్కలన్నీ రోజూ తెల్లవారుజామున క్లౌడ్‌లోని ఒక పెద్ద డేటా గిడ్డంగికి చేరతాయి. ఇందుమతి ఒక్క వరుస కోడ్ రాయకుండా, తెర మీద గళ్లూ బటన్లూ లాగి అమర్చుకుంటూ ఒక యాప్ కట్టి, దాన్ని ఆ గిడ్డంగికి కలిపింది. ఏ గ్రూపు రక్తం ఎక్కడుందో ఏ ఊరి నర్సయినా ఫోన్లో చూసుకోవచ్చు. మంచి పనే. మాస్టారు మాత్రం దాన్ని ఆసుపత్రులకు ఇవ్వనివ్వడం లేదు.

"కనెక్షన్ కుదిరింది. గిడ్డంగిలో ఉన్న అంకే యాప్‌లో వస్తోంది. పక్కపక్కన పెట్టి సరిచూశాను. ఇంకా ఏం మిగిలింది మాస్టారూ?" అని ఆమె ఒకరోజు నిలదీసింది.

మాస్టారు టీ పురమాయించారు. అది వచ్చేలోపు అబ్బులు వచ్చాడు.

గోకవరం వైపు నుంచి జీపు కట్టించుకుని, ఐసు డబ్బా పట్టుకుని పరుగున వచ్చాడు. భార్యకు కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది, తల్లికి రక్తస్రావం ఆగడం లేదు. ఆమెది ఓ నెగటివ్ గ్రూపు, ఒక పట్టాన దొరికేది కాదు. కౌంటర్లో అమ్మాయి ఫ్రిజ్ తీసి చూసి లేదంది. ఉన్న రెండు ప్యాకెట్లూ పొద్దున్నే ఒక యాక్సిడెంట్ కేసుకు వెళ్లిపోయాయి.

"లేకపోవడమేంటండీ? రెండున్నాయని మా నర్సమ్మగారు ఫోన్లో చూపించారండి. పెద్దాపురం వెళ్దామనుకున్నవాణ్ణి, అది చూసే ఇటొచ్చేనండి!"

ఇందుమతి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ నర్సు ఆమె స్నేహితురాలు. చూసి ఎలా ఉందో చెప్పమని మాస్టారుకి తెలియకుండా యాప్ ఇచ్చింది ఇందుమతే. మాస్టారు కోప్పడలేదు. ఆమె వంక చూసి, "నువ్వే చెప్పమ్మా ఆయనకి," అన్నారు.

ఆమె లేచి అబ్బులు ఎదుట నిలబడింది. "అది తెల్లవారుజాము లెక్కండీ. ఇప్పటిదన్నట్టు చూపించింది నేనే, తప్పు నాది. కూర్చోండి. దొరికేదాకా నేను ఫోన్ కింద పెట్టను."

పెట్టలేదు కూడా. ఒక్కొక్క రక్తనిధికీ ఫోన్ చేసి, "కంప్యూటర్ చూడకండి, ఫ్రిజ్ తలుపు తీసి చూసి చెప్పండి," అని పట్టుబట్టింది. విసుక్కున్నవాళ్లున్నారు. పెట్టేసినవాళ్లకు మళ్లీ చేసింది. చివరికి పెద్దాపురంలో ఉందన్నారు. అబ్బులు అక్కడికి వెళ్లి, గోకవరం చేరేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. గోకవరం డాక్టరు చేత మాట్లాడించి, అక్కడివాళ్లే మోటార్ సైకిల్ మీద నేరుగా ఆసుపత్రికి పంపేలా ఒప్పించింది.

మధ్యాహ్నానికి నర్సు ఫోన్ చేసింది. రక్తస్రావం ఆగింది, తల్లి కళ్లు తెరిచి బిడ్డ ఏదని అడిగింది. అబ్బులు కౌంటర్ మీద తల ఆనించి ఏడ్చాడు. ఇందుమతీ ఏడ్చింది, అందరి ముందూ, మొహం దాచుకోకుండా.

మర్నాటి నుంచి ఆమె కంప్యూటర్ ముందు కంటే కౌంటర్ల దగ్గరే ఎక్కువ కనిపించింది. రద్దీలో రక్తం ముందు ఇచ్చేసి, తీరిక దొరికాక కంప్యూటర్లో ఎక్కించడం అక్కడివాళ్ల అలవాటని కళ్లారా చూసింది. ఇచ్చిన క్షణమే ఫోన్లో ఒక్క బటన్ నొక్కితే అంకె తగ్గే ఏర్పాటు చేసి, నొక్కడం అలవాటయ్యేదాకా వాళ్లను వదల్లేదు. ప్రతి అంకె పక్కనా అది ఏ వేళ లెక్కో రాసింది. బయల్దేరే ముందు అడగండంటూ ఆ రక్తనిధి ఫోన్ నంబరు అంకె కన్నా పెద్దగా పెట్టింది. అప్పుడు వచ్చి మాస్టారు ముందు నిలబడింది.

"ఇప్పుడైనా ఇవ్వొచ్చా మాస్టారూ?"

మాస్టారు ఆ తెరను చూశారు.

"ముందు అబ్బులుకి చూపించు," అన్నారు. "దీన్ని చూసి మళ్లీ జీపెక్కుతానని ఆయనంటే, ఇక నన్నడగక్కర్లేదు."