పీతమ్మ కాపురమున్న ఇంజను

అనగనగా, రాజులూ లాంచీలూ ఒకే కాలంలో ఉన్న రోజుల్లో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక రాజ్యం. రాజుకి లాంచీ ఏమిటని అడక్కండి. కథ నాది, లాంచీ కూడా నాదే.

ఆ రాజ్యానికి ఎదురుగా, ఏటి నడుమ, గోగుల్లంక అని చిన్న లంక. ఏటా శ్రావణంలో వరదొస్తుంది. తెడ్డు పడవలు ఆ వడికి నిలవవు. కిందటేడు లంకవాళ్ళు ఇళ్ళ కప్పులెక్కి "రండయ్యా, రండయ్యా" అని కేకలేస్తుంటే, రాజు ఇవతలి గట్టున చేతులు పిసుక్కుంటూ నిలబడ్డాడు. మనుషులు దక్కారు గానీ గొడ్లన్నీ కొట్టుకుపోయాయి. ఆ కేకలు రాజు చెవుల్ని వదల్లేదు.

ఆ వరదే ఒక మేలూ చేసింది. ఇసక కోసుకుపోయి, తాతల నాటి లాంచీ ఇంజను బయటపడింది. ఒళ్ళంతా తుప్పు, గుల్లలు, బురద. పేరు ఎప్పుడో చెరిగిపోయింది. అది ఏ రకమో, దేనితో నడుస్తుందో ఎవరికీ తెలియదు.

"ఈ ఇంజనేదో పోల్చి, వరద రాకముందే నడిపించండి" అని రాజు దండోరా వేయించాడు. ముగ్గురు మేస్త్రీలు వచ్చారు.

మొదట చిట్టెయ్య. దూరం నుంచే చూసి, "ఆవిరి ఇంజనండీ మహారాజా! కళ్ళు మూసుకుని చెబుతా" అన్నాడు. తెరుచుకుని చెబితే బాగుండేది. కాగు పెట్టాడు, మంట పెట్టాడు, గొట్టం తగిలించాడు. గొట్టం పగిలి ఆవిరంతా బుస్సున బయటికి పోయింది. ఇంజను కదల్లేదు.

తర్వాత అప్పలకొండ. "ఆవిరేమిటి, నా మొహం! పెట్రోలు ఇంజనిది. నిప్పురవ్వ తీగ ఇక్కడే ఉంటుంది" అని బెజ్జంలో వేలు పెట్టాడు. మరుక్షణం "అమ్మబాబోయ్!" అని గెంతాడు. "కరిచింది మహారాజా! దీనికి దయ్యం పట్టింది, ఏట్లో పారేయండి!" అంటూ ఊరి దారి పట్టాడు.

ఇక వెంకాయమ్మ మేస్త్రి. ఆవిడ అక్క మంగమ్మ ఉండేది గోగుల్లంకలోనే. కిందటేడు కప్పెక్కినవాళ్ళలో తనూ ఉంది. "నా దగ్గరికి వచ్చెయ్యవే అక్కా" అని చెల్లెలు ఎంత బతిమాలినా, "నా ఊరొదిలి నేను రానే" అంది. అందుకే ఆ ఇంజను రాజుకంటే వెంకాయమ్మకే ఎక్కువ కావాలి.

"ఇంజన్లు కరవవు మహారాజా" అని నవ్వింది వెంకాయమ్మ. "లోపల ఎవరో కాపురముంటున్నారు." బెజ్జం దగ్గర వంగి, "ఎవరమ్మా లోపల?" అని అడిగింది.

"నేను, పీతని" అని జవాబొచ్చింది. "మా అమ్మమ్మ నాటి నుంచీ ఇదే మా ఇల్లు. ఒకడు పొగ పెట్టాడు, ఒకడు వేలు పెట్టాడు. నువ్వేం పెడతావు?"

"ఏం పెట్టను తల్లీ. మీ ఇల్లెలా ఉంటుందో చెప్పు, వింటాను."

సొంతింటి గురించి చెప్పమంటే ఎవరికి చేదు? పీతమ్మ పొంగిపోయింది. "కింద ఒకటే పెద్ద సావిడి. పైన గుమ్మడికాయలాంటి గుండ్రటి గది. దాని గోడల నిండా మసి, ఎంత తోమినా పోదు. తీగలూ గీగలూ ఏమీ లేవు."

వెంకాయమ్మ మొహం వెలిగిపోయింది. "తెలిసింది! ఆ గుండ్రటి గదే దీని బుర్ర. ముందు దాన్ని దీపంతో ఎర్రగా కాల్చాలి. అప్పుడు లోపలికి నూనె చిమ్మి చక్రం తిప్పాలి. బుర్ర వేడెక్కితే గాని కదలని రకం ఇది!"

"మా ఆయన లాగే" అంది పీతమ్మ.

"కాకపోతే దీన్ని విప్పాలమ్మా. నీకు వేరే ఇల్లు చూపించేదాకా రెంచి ముట్టను. ఇది నా మాట."

అంతలో ఏట్లోకి ఎర్రనీరు దిగింది. ఎగువన వానలన్న మాట. రాజు కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. "వరద ముంచుకొస్తుంటే పీతతో కబుర్లా? దాన్ని లాగి అవతల పారేయండి!"

వెంకాయమ్మ లంక వైపు చూసింది. అవతల ఉన్నది తోడబుట్టిన అక్క. అయినా అడ్డంగా నిలబడింది. "మాటిచ్చాను మహారాజా. మాట తప్పిన చేతులతో ఇంజను బిగించలేను."

ఏటి ఒడ్డున ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల కింద ఒక పెద్ద కుండని ఏటవాలుగా పాతింది. పీతమ్మ వచ్చి చుట్టూ తిరిగి, "తేమ తగులుతుందా? కొంగలు రావు కదా?" అని వంద వంకలు పెట్టి, చివరికి పిల్లలతో సహా గృహప్రవేశం చేసింది.

చేసి, మళ్ళీ వెనక్కొచ్చింది. ఏదో ఈడ్చుకుంటూ వచ్చింది. "ఇది ఆ ఇంట్లోదే. మా పిల్లలు ఆడుకుంటారు. నీకు పనికొస్తుందేమో చూడు."

వెంకాయమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. అది నూనె చిమ్మే ఇత్తడి మూతి! అది లేకపోతే ఇంజను ఉత్త ఇనప ముద్దే.

"నన్ను లాగి పారేసి ఉంటే, దీన్ని బురదలో పాతేసేదాన్ని" అంది పీతమ్మ. రాజు తల దించుకున్నాడు.

ఇక పని జోరందుకుంది. కిరసనాయిలులో నానబెట్టి తుప్పు వదిలించారు. ఇత్తడిని చింతపండుతో తోమారు. రాజుగారి పడవకి ఇంజను బిగించారు. బుర్ర ఎర్రగా కాలాక వెంకాయమ్మ చక్రం తిప్పింది. ఒకసారి "తుస్" అంది. రెండోసారి "టుప్" అంది. మూడోసారి "టుక్, టుక్, టుక్" అని అందుకుంది!

వరద రానే వచ్చింది. లాంచీ ఎదురు వడిలో గోగుల్లంక చేరింది. కప్పు మీద మంగమ్మ, పక్కనే దూడ. "నన్ను తర్వాత చూద్దువు గానీ, ముందు దూడనెక్కించవే!" అని అరిచింది. వెంకాయమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ ఏడు ఒక్క ప్రాణి కూడా పోలేదు.

అప్పటి నుంచి లాంచీ మడచెట్ల పక్కకి వస్తే చాలు, రాజు లేచి నిలబడి, "నెమ్మదయ్యా, నెమ్మది! అల తగిలి పీతమ్మ కుండ కదిలేను" అనేవాడు.

నీతి: దేన్నైనా విప్పే ముందు లోపల ఉన్నవాళ్ళని అడగాలి, వాళ్ళకిచ్చిన మాట తొందరలోనూ తప్పకూడదు.