రాజుగారు కడిగిన గుండు

ఒకానొక రాజ్యంలో బుచ్చన్న అనే విదూషకుడొకడు ఉండేవాడు. ఎవడా వాడని వెతక్కండి, నేనే. రాజుగారిని నవ్వించడం నా పని. ఆయన నవ్వకపోతే నా మాటలకు నేనే నవ్వుకునేవాణ్ణి.

మా మహారాజు చండకేతుడికి తాను తవ్వించిన బావి అంటే మహా గర్వం. ఓనాడు సభలో విరూపాక్ష పండితుడు లేచి, "ప్రభూ! నీళ్లలో ఉప్పు కరుగుతుంది, బెల్లం కరుగుతుంది. తమ బావి నీళ్లలో నూనె మాత్రం కరగదా? తలంటుకి ఇంకా కుంకుడుకాయలెందుకు? ఆ నీటికే అవమానం!" అన్నాడు. రాజుగారు పొంగిపోయి, కోటలో కుంకుడుకాయ కనబడకూడదని ఆజ్ఞ వేశారు. నేనేం చేశాను? అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. సిగ్గులేని జన్మ!

శనివారం వచ్చింది. తలంటు పోసే పోలయ్య రాజుగారి తలకి నువ్వులనూనె పట్టించి, ఇరవై బిందెల నీళ్లు పోశాడు. జిడ్డు వదిలితేనా! నిండు సభలో కిరీటం జారి ముక్కు మీదికొచ్చింది.

"ఈ పోలయ్య చేతుల్లో సత్తువ లేదు. సాయంత్రానికల్లా పెళ్లాంపిల్లలతో సహా ఊరు దాటించండి!" అన్నారు రాజుగారు.

నేను ముందుకొచ్చాను. ఆ రోజు చప్పట్లలో సగం నావే మరి.

"మహారాజా, వాడిది మొరటు చెయ్యి. పండితులవారి చేత కడిగించి చూడండి," అంటూ గిన్నెడు నూనె నా గుండు మీద పోసుకున్నాను. దేవుడు నాకు వెంట్రుకలివ్వడం మరిచిపోయాడు, ఆ పూట కలిసొచ్చింది. పండితుడు మంత్రాలు చదువుతూ నీళ్లు పోసి రుద్దాడు. నీళ్లు బొట్లు బొట్లుగా జారిపోయాయి. నూనె కదల్లేదు.

"తప్పుకోవయ్యా! రాజు చెయ్యి పడితే తెలుస్తుంది," అంటూ రాజుగారే దిగొచ్చి, ఉత్తరీయం నడుముకి బిగించారు. పది చెంబులు గుమ్మరించి, నా బుర్ర అరిగిపోయేలా రుద్దారు. చివరికి అందులో ఆయన ముఖమే తళతళా కనబడింది.

"మహారాజా," అన్నాను మెల్లగా, "సత్తువ లేని చేతులు ముగ్గురివి తేలాయి. ఊరు దాటించేది ఎవరెవరినో సెలవివ్వండి."

నీ పని అయిపోయిందిరా బుచ్చన్నా, అనుకున్నాను.

రాజుగారు తన జిడ్డు చేతులు చూసుకున్నారు. "మరి ఎందుకు వదలదురా?"

"నీళ్లు ఉప్పునీ బెల్లాన్నీ తమలో కలుపుకుంటాయి ప్రభూ. నూనెని మాత్రం దగ్గరికి రానివ్వవు, పక్కకి నెట్టేస్తాయి. కుంకుడు నురుగైతే ఒక చేత్తో నూనెని, ఇంకో చేత్తో నీళ్లని పట్టుకుని, రెంటినీ కలిపి లాక్కుపోతుంది."

పోలయ్య ఇంటికి పరుగెత్తి కుంకుడు రసం తెచ్చాడు. నా తల మీద పోసి రుద్దగానే జిడ్డంతా పోయింది. రసం కళ్లల్లో పడి నేను కుయ్యోమొర్రోమని గంతులేస్తుంటే రాజుగారు పగలబడి నవ్వారు. తన చేతి కంకణం తీసి పోలయ్యకి తొడిగి, "రేపటి నుంచి కుంకుడుకాయలతోనే తలంటరా," అన్నారు.

"మరి నాకో, ప్రభూ?"

"నీకు ఏటేటా బస్తా కుంకుడుకాయలు."

"నాకు జుట్టేదీ మహారాజా?"

"అందుకేగా ఇస్తున్నాను! ఒక్క బస్తా నీ జీవితమంతా వస్తుంది. మిగతావి మా పండితుడికి ఇచ్చెయ్."

సభంతా గొల్లుమంది. ఆ పూట నాకు నవ్వించే పనే లేకుండా పోయింది.