బొల్లి గొర్రె నెత్తిన రాణి రంగు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సింది మేమే. కానీ పళ్లు తోముకున్నారా, స్వెట్టరు వేసుకున్నారా, ఆ నీళ్లు కాచినవేనా అని అడగడంలోనే మా పొద్దంతా గడిచిపోయింది. మొన్న స్నానాల గదిలో తెల్ల తువ్వాలు ఊదా రంగుకు తిరిగి కనిపించింది. ఎవరు చేశారని నేనడగలేదు, నెత్తి చూస్తే తెలుస్తూనే ఉంది. ఆ రంగు డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్నదంతా కూర్చుని చదివాను. చదువుతుంటే బొల్లి గొర్రె గుర్తొచ్చింది.

మెట్ట సీమలో ఎండాకాలం గడ్డి ఉండదు. అందుకని ఓబులేసు అనే కాపరి తన మందను తోలుకుని కొండలు దాటి, కాలువ కింది మాగాణి పొలాలకు వచ్చాడు. కోతలైన పొలంలో మంద మేస్తుంది, అక్కడే పడుకుంటుంది, పొలానికి ఎరువు మిగులుతుంది. అలా వచ్చిన మందలు అక్కడ చాలా ఉన్నాయి. అన్నీ ఒకే కాలువలో నీళ్లు తాగుతాయి. కలిసిపోతే ఎవరివి వారు విడదీసుకోవడానికి ఒక్కో మందకు ఒక్కో రంగు గుర్తు. ఓబులేసు గొర్రెల నుదుట ఎర్రటి జేగురు బొట్టు ఉండేది.

ఆ మందలో బొల్లి అనే గొర్రె ఉంది. తెల్ల ముఖం, మెత్తని మనసు, తీరని బెంగ. దానికి ఒక్కతే కూతురు, పేరు చుక్కి. సొంత సీమలో అయితే ఏ గడ్డి మంచిదో, ఏ గడ్డి తింటే కడుపు ఉబ్బుతుందో బొల్లికి కళ్లు మూసుకున్నా తెలుసు. ఇక్కడ అన్నీ కొత్త. అందుకని ప్రతి గడ్డిపోచా తను ముందు కొరికి చూసి, కాసేపు ఆగి, తను బతికే ఉన్నానని నిర్ధారించుకున్నాకే కూతుర్ని కొరకనిచ్చేది. మేతకు వెళ్లేముందు చుక్కిని ముళ్లకంప దొడ్డిలో మిగతా పిల్లలతో వదిలి, తడి నేల మీద పడుకోకు, చెవులు ముడుచుకో, కంపకు ఆనుకోకు, ఎవరు పిలిచినా పోకు అని చెప్పేది. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్లీ చెప్పేది. మందలో ముసలి మేక ఒకతి ఉండేది, అందరికీ పిన్ని. "ఒసే బొల్లీ, నువ్వు చెప్పడం అయ్యేసరికి గడ్డి ఎండిపోతుంది, నడువు" అనేది.

ఇలా ఉండగా చుక్కికి ఒక కోరిక పుట్టింది. ఆ ఊరి రైతుల పిల్లలు ఆటకని తమ గొర్రెపిల్లల నెత్తులకు నీలం, ఆకుపచ్చ రంగులు పూశారు. అవి గెంతుతుంటే పూలు గెంతినట్టుంది. చుక్కి రెండు రోజులు పాలు సరిగా తాగలేదు. మూడో రోజు నోరు విప్పింది.

"అమ్మా, నా నెత్తి అన్నం ముద్దలా ఉందని నవ్వుతున్నారు. నాకూ రంగు కావాలి."

బొల్లికి కొత్త బెంగ పట్టుకుంది. వద్దంటే పిల్ల మనసు చిన్నబోతుంది. సరేనంటే పిల్ల చర్మం ఏమవుతుందో. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, వీళ్లు ఆరు వారాలకే అయిపోయారు. తిండి మానేసి మేక పిన్నితో చెప్పుకుంది. నీలం పూసుకున్నంత మాత్రాన నెమలి కాదు, పూసుకోనంత మాత్రాన కొంగా కాదు, వదిలేయమంది పిన్ని. వదిలేస్తే అది బొల్లి ఎందుకవుతుంది?

ఇదంతా కాలువ గట్టున జిల్లేడు పొదలోంచి ఒక నక్క విన్నది. దాని కన్ను ఎప్పటినుంచో చుక్కి మీద ఉంది. తల్లి పక్కనున్నంతకాలం ఆ పిల్ల దొరకదు, ఎందుకంటే ఆ తల్లి ఈగను కూడా ఎక్కడి నుంచి వచ్చావని అడిగి పంపే రకం. తల్లిని తప్పించాలి.

మర్నాడు బొల్లి నీళ్లు తాగుతుంటే నక్క పొదలోంచి పలకరించింది. "మీది మెట్ట వైపేనా వదినా? మాటలోనే తెలిసిపోయింది. మాదీ అటే."

నక్క పుట్టింది ఆ కాలువ గట్టునే. ఏటా వచ్చిపోయే మందల దగ్గర యాస నేర్చింది. కానీ పరాయి చోట సొంత యాస చెవిన పడితే ఎవరి బుద్ధయినా గడ్డి తింటుంది. బొల్లి పది అడుగులు దూరంగానే నిలబడింది, అంత జాగ్రత్త ఉంది. కష్టం మాత్రం అంతా చెప్పేసింది.

దానిదేముంది వదినా అంది నక్క. అవతలి గట్టు మీద చిట్లిన మూకుడులో రాణి రంగు కలిపి ఉందట. నెత్తికి పట్టించి, నీడ కాస్త జరిగేదాకా ఉంచి, కాలువలో ముంచితే చాలట. బొల్లి అడగడం మొదలుపెట్టింది. కళ్లలో పడితే మండుతుందా? ఉన్ని రాలుతుందా? నాకితే విషమా? వానకు కారుతుందా? నక్క అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. చివరికి, "ఇంత భయమెందుకు? పిల్ల నెత్తికి పూసేముందు నీ నెత్తికి పూసుకుని చూడు. జాగ్రత్త తెలిసిన తల్లి చేసేది అదే కదా" అంది.

ఆ మాట బొల్లికి తేనెలా తగిలింది. తన జాగ్రత్తను ఇన్నాళ్లకు ఒకరు గుర్తించారు.

వెంటనే తొందరపడలేదు సుమా. మొదట అవతలికి పోయి తోక కొసకు కాస్త రాసుకుని వచ్చి ఒక పూటంతా ఆగింది. దురద లేదు, మంట లేదు. మర్నాడు ఓబులేసు కునుకు తీస్తున్న వేళ మళ్లీ గట్టు దాటింది. పాత బొట్టు మీద కొత్త రంగు పట్టదని నక్క చెప్పింది కనుక, ముందు నుదుటి జేగురు పోయేదాకా రాయికేసి రుద్దుకుంది. తర్వాత మూకుడులో తల ముంచింది. నీడ కాస్త జరిగేదాకా ఉంచమంది కదా, పని చేస్తే పద్ధతిగా చేయాలని బాగా జరిగేదాకా ఉంచింది. కడుక్కుని కాలువలోకి తొంగి చూస్తే చెవుల దగ్గర్నుంచి గడ్డం దాకా రాణి రంగు భగ్గుమంటోంది. కొరివితో తల గోక్కున్నవాడి తల కూడా అంత వెలగదు.

అడగాల్సినవన్నీ అడిగింది. ఆ రంగు ఎవరిదని మాత్రం అడగలేదు.

అది సంత వ్యాపారిది. ఊరూరా గొర్రెల్ని కొని, కొన్నవాటి నెత్తిన ఆ రంగు కొట్టి, బండెక్కించి సంతకు తోలేవాడు. సంతకు పోయిన గొర్రె తిరిగొచ్చిందని ఎవరూ వినలేదు.

సాయంత్రం మందలన్నీ కాలువకు దిగాయి. వ్యాపారి మనిషి కర్ర పట్టుకుని తమ రంగువన్నీ ఒక పక్కకు తోలాడు. బొల్లినీ తోలాడు. నేను కాదు, నేను ఓబులేసు మందదాన్ని, ఇది పరీక్షకు పూసుకున్న రంగు అని బొల్లి ఎంత మొత్తుకున్నా అతనికి మే మే అని తప్ప వినపడలేదు. పక్కనున్న పొట్టేలు ఒకటి, "కొత్తగా వచ్చావా అక్కా? అదుగో బండి. లైట్లు వెలగ్గానే ఎక్కాలి" అంది.

అటు దొడ్డి వెనక, కంపలో ఉన్న కంతలోకి నక్క మూతి పెట్టింది. గొంతు సన్నం చేసి, "చుక్కీ, నేను అమ్మను. ఇటు రా" అంది.

చుక్కి లేచి రెండడుగులు వేసి ఆగింది. "అంతేనా?"

"అంతేనా అంటే?"

"ముళ్లు చూసుకోమనలేదు."

"సరే, ముళ్లు చూసుకుని రా."

"చెవులు?"

"చెవులకేమైంది? త్వరగా రా."

చుక్కి వెనక్కి జరిగింది. "మా అమ్మ నేను పుట్టాక ఒక్కసారి కూడా త్వరగా రమ్మనలేదు. మెల్లగా రమ్మంటుంది. నువ్వెవరు?"

సరిగ్గా అప్పుడు గట్టు అవతల నుంచి ఒక గొంతు లేచింది. బండి లైట్లు వెలిగాయి, బొల్లికి తన ప్రాణం సంగతి తోచలేదు. ఆ సాయంత్రం చెప్పాల్సినవి కూతురికి చెప్పలేదన్నది తోచింది. అంతే, ఏకధాటిగా అందుకుంది.

"చుక్కీ, తడి నేల మీద పడుకోకు. చెవులు ముడుచుకో. పిన్ని పక్కనే పడుకో, కానీ మరీ దగ్గరగా వద్దు, కొమ్ములు తగులుతాయి. కొత్త గడ్డి వాసన చూడకుండా తినకు. పరిగెత్తకు, చెమట పట్టి జలుబు చేస్తుంది."

అదే వేళకు ఓబులేసు పాలు తాగడానికి పిల్లల్ని వదలాలని దొడ్డి తడిక తీశాడు. చుక్కి పరిగెత్తవద్దన్న మాట వింటూనే పరిగెత్తింది. తమ మందలో తల్లులందర్నీ దాటి, గట్టు దాటి, వ్యాపారి మందలోకి దూరి, రాణి రంగు తల కింద ఒక్క క్షణం తెల్లబోయి, వాసన చూసి, పొదుగు పట్టుకుంది. బొల్లి దాని తోక వాసన చూస్తూ చెప్పడం ఆపలేదు.

గొర్రె పరాయి పిల్లను పొదుగు దగ్గరికి రానివ్వదు, డొక్కలో కుమ్ముతుంది. కాపరుల్లో దీన్ని మించిన రుజువు లేదు. ఓబులేసు వచ్చి చూశాడు, తల గోక్కున్నాడు. "రంగు నీదే గానీ, పిల్ల నాదయ్యా" అన్నాడు. బండి దగ్గరున్న వ్యాపారి నవ్వి, తోలుకుపొమ్మన్నాడు.

నక్క సంగతి అడుగుతారు. కంతలో దూర్చిన తల ముళ్లల్లో ఇరుక్కుంది. ఓబులేసు కుక్క వెనక నుంచి చేయాల్సిన పని తీరిగ్గా చేసింది. సగం తోక అక్కడ వదిలి, నక్క తన సొంత యాసలో ఏడుస్తూ పోయింది.

మేక పిన్ని బొల్లిని ఆపాదమస్తకం చూసింది. "పరీక్ష ఎలా ఉందే?" అంది.

"దురద లేదు పిన్నీ" అంది బొల్లి.

తర్వాత కూతురి వైపు తిరిగి, ఈసారి ఎవరి రంగో ముందు కనుక్కుంటాను, నీకూ వేయనా అని అడిగింది. చుక్కి తల్లిని తేరిపార చూసింది, అటు కాలువ దగ్గర చూస్తున్న ఊరి గొర్రెపిల్లల్నీ చూసింది.

"వద్దమ్మా. నువ్వు వేసుకున్నాక అది ఇక ఎవరికీ బాగుండదు. రేపు నాకు కాస్త దూరంగా నడువు."

ఉన్ని కత్తిరించేదాకా బొల్లి అలా రాణి రంగు తలతోనే తిరిగింది. దూరంగానే నడిచింది. కాకపోతే అంత దూరం వినిపించాలి కదా, ఇంకాస్త గట్టిగా చెప్పేది.

రంగు కత్తిరిస్తే పోతుంది, అమ్మ నస ఏం చేసినా పోదు.

కథ ఇంతే. రేపు మీరూ ఏ దూరాన ఉంటారో, మీ ఇంట్లో ఏ తువ్వాలు ఏ రంగుకు తిరుగుతుందో నాకు తెలియదు. ఆ రోజు మీ పిల్లల్ని కూర్చోబెట్టి బొల్లి కథ చెప్పండి. చెప్పేముందు వాళ్ల తల బాగా ఆరిందో లేదో ఒక్కసారి చూడండి, తడి తలతో కూర్చుంటే జలుబు చేస్తుంది.