సింగాయమ్మ చెప్పిన మూడు రోజులు

అనగనగా వాన మొహం చూడని ఒక సీమ. ఆ సీమలో, కొండ వాలున ఒక చిన్న పల్లె.

మొదటి ఏడు వాన పడలేదు, పంట ఎండింది. రెండో ఏడు పడలేదు, పశువులు చచ్చాయి. మూడో ఏడు కూడా పడలేదు. అప్పుడు ఊరిపెద్ద దాలినాయుడు జనాన్ని పిలిచి ఇలా అన్నాడు:

"పాతరలో జొన్నలు అడుగంటాయి. రేపటినుంచి బావి తవ్వేవాళ్ళకే గంజి. పని చెయ్యలేని ముసలివాళ్ళకూ, పసివాళ్ళకూ గంజిపైన తేరిన నీళ్ళు పోద్దాం."

అందరూ సరేనన్నారు. బావి పడకపోతే అందరూ పోతారని అందరికీ తెలుసు.

ఆ ఊళ్ళో సింగాయమ్మ అనే అవ్వ ఉండేది. ఎనభై ఏళ్ళది. నా అన్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పక్కింటి పిల్ల రేలమ్మకు ఆరేళ్ళు. అమ్మానాన్నలు బావి పనికి పోతే ఆ పిల్ల అవ్వ దగ్గరే ఉండేది. బావి పని లేని ఆ ఇద్దరికీ రోజంతా తీరికే.

ఒకనాడు అవ్వ పిల్లను వెంటబెట్టుకుని కొండెక్కింది. ఒక తీగ మొదట్లో తవ్వి దుంప తీసింది.

"అవ్వా, ఆకలేస్తోంది. కాల్చుకు తిందామా?"

"తింటే చస్తాం తల్లీ. ఇది చేదుదుంప, దీంట్లో విషముంది. తొక్క తీసి, ఆకులా పల్చగా కోసి, బూడిద రాసి, బుట్టలో పెట్టి పారే నీళ్ళలో మూడు రోజులు ఉంచాలి. నాలుగో రోజు ఉడకబెట్టి తినాలి. ఒక్క రోజు తగ్గినా ముట్టకూడదు."

"నీకెలా తెలుసు?"

అవ్వ దుంపకంటిన మట్టి దులిపింది.

"నాకు నీ అంత వయసప్పుడు ఇలాగే కరువొచ్చింది. మా తమ్ముడు చినసోమి ఆగలేక రెండో రోజే తీసి తిన్నాడు. పొద్దుగూకేసరికి నా ఒళ్ళోనే పోయాడు."

కొండమీద వేలెడు లావున పారే ఊట ఒకటి మిగిలి ఉంది. మొదటిసారి అవ్వ చేస్తే పిల్ల చూసింది. రెండోసారి ఇద్దరూ కలిసి చేశారు. మూడోసారి పిల్ల ఒక్కతే చేసింది, అవ్వ చూసింది.

అవ్వ ఈ సంగతి దాచలేదు. దాలినాయుడి దగ్గరికి పోయి చెప్పింది. అతను విషం మాట రాకముందే, సగం విని లేచాడు. "మూడు రోజులు ఆగే కడుపులు ఎవరికున్నాయి అవ్వా? నాకు పనుంది."

అవ్వ ప్రతిసారీ పెద్ద ముక్కలు పిల్లకు పెట్టి, తాను చిన్న ముక్క తినేది. ఒక ఉదయం ఆమె లేవలేదు.

వారం తిరక్కుండానే పాతర ఖాళీ అయింది. బావిలో నీళ్ళు పడలేదు. ముసలమ్మ కొండమీద ఏదో దుంప తవ్వేదని అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది. ఊరంతా పలుగులు పట్టుకుని కొండెక్కింది.

రేలమ్మ దాలినాయుడికి అడ్డంగా నిలబడింది. "తాతా, ఇవాళ తినొద్దు! మూడు రోజులు నీళ్ళలో ఉంచాలి!"

"తప్పుకో పిల్లా. నువ్వు తిన్నవేగా ఇవి?"

పిల్ల బావి తవ్వేవాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. ఒకడు నవ్వాడు, ఒకడు కసిరాడు. తక్కినవాళ్ళు అప్పటికే దుంపల్ని నిప్పుల్లో వేశారు.

ఆఖరికి తల్లి దగ్గరికి పోయి కొంగు పట్టుకుంది.

"ఎవరు చెప్పారే నీకు?"

"అవ్వ. వాళ్ళ తమ్ముడు చినసోమి రెండో రోజే తిని, అవ్వ ఒళ్ళో చచ్చిపోయాడంట."

తల్లి కూతురి మొహంలోకి చూసింది. ఆరేళ్ళ పిల్ల ఇలాంటి చావును కల్పించి చెప్పలేదు. ఆమె తన చేతిలోని దుంపను విసిరేసి, మొగుడి చేతిలోదీ లాగేసింది.

పొద్దుగూకేలోగా పదకొండు మంది పోయారు. దాలినాయుడు తిన్నది రెండు ముక్కలే. మిగతావన్నీ ముద్దుగా మనవడికి పెట్టాడు. అతను బతికాడు. మనవడు బతకలేదు.

మర్నాడు పొద్దున్నే దాలినాయుడు వచ్చి రేలమ్మ ముందు నేలమీద కూలబడ్డాడు.

"చెప్పమ్మా. మీ అవ్వ ఏం చెప్పిందో మొదటినుంచి చెప్పు."

పిల్ల చెప్పింది. తొక్క, బూడిద, బుట్ట, ఊట. పెద్దలందరూ ఆ చిన్నచేతులు చూపినట్టే చేశారు. మూడు రోజులు పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు. అయినా ఎవరూ బుట్ట ముట్టలేదు. నాలుగో రోజు తిన్నారు. వానలు వచ్చేదాకా అలాగే బతికారు.

ఒకరోజు దాలినాయుడు ఆ పిల్లను అడిగాడు. "మీ అవ్వ ఇదంతా ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"అందరికీ చెప్పిందంట తాతా. వినడానికి ఎవరూ కూచోలేదంట."

పిల్లలారా, ముసలివారి మాట ఓపికగా విన్నచోట పసిబిడ్డ కూడా పదిమందిని కాపాడగలదు. ఆ ఓపిక లేనిచోట పెద్దవాళ్ళు తమ బిడ్డలను సైతం కాపాడుకోలేరు.