కంట్లో తలకిందులైన బర్రె

పెంచలయ్య ఇంట్లో తెలివికి ఏ లోటూ లేదు. నలుగురుంటే నలుగురూ తెలివిగలవాళ్ళే. ఊరే ఆ సంగతి ఇంకా గుర్తించలేదు. పెంచలయ్య, పెళ్ళాం వెంగమ్మ, తమ్ముడు మాలకొండయ్య, తల్లి చెంచవ్వ. వీళ్ళకు తోడు ఒక సూడి బర్రె. ఏళ్ళ తరబడి చూలు నిలవక నిలవక ఇప్పటికి నిలిచింది, నేడో రేపో ఈనేలా ఉంది. పిల్లాజెల్లా లేని వెంగమ్మ పంచప్రాణాలూ ఆ కడుపులో దూడ మీదే ఉన్నాయి.

ఆ వారం ఊరి బడికి కళ్ళ డాక్టరొచ్చాడు. పెంచలయ్యకు కంటి బొమ్మ చూపించి, "మనం ఏది చూసినా దాని రూపం కంటి లోపలి పొర మీద తలకిందులుగా పడుతుందయ్యా. మెదడే దాన్ని మళ్ళీ నిలబెడుతుంది" అన్నాడు.

"ఏదైనానా? బర్రెనైనా?"

"బర్రెనైనా, ఏనుగునైనా."

"రోజుకెన్నిసార్లు?"

"చూసినన్నిసార్లు."

ఇంకేముంది! పెంచలయ్య మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి చెప్పేశాడు.

"అయ్యో నా తల్లీ! నీళ్ళు పెట్టేటప్పుడు చూశాను, పేడ తీసేటప్పుడు చూశాను. ముద్దొచ్చి ఊరికే కూడా చూశాను. నిండు చూలాలిని ఎన్నిసార్లు పడేశానో!" అని వెంగమ్మ నెత్తి బాదుకుంది.

"మెదడు నిలబెడుతుందన్నాడు గదా వదినా" అన్నాడు మాలకొండయ్య.

"నోర్ముయ్. పడిన బర్రెను లేపాలంటే నలుగురు మగాళ్ళు కావాలి. నీ ఒక్కడి మెదడు వల్ల అవుతుందా?" అంది చెంచవ్వ. అందరూ ఒప్పుకున్నారు. మాలకొండయ్య అందరికంటే ముందు ఒప్పుకున్నాడు.

అంతే, నలుగురూ కళ్ళకు గుడ్డలు కట్టుకున్నారు. మాలకొండయ్య తడుముకుంటూ వెళ్ళి బకెట్టెడు కుడితి పోసొచ్చాడు.

"తాగిందా?" అంది వెంగమ్మ.

"తాగలేదు వదినా. తిట్టింది."

మంచం మీంచి చెంచవ్వ ఇంకా తిడుతూనే ఉంది.

వెంగమ్మకు ఇంకో దిగులు, దారిన పోయేవాళ్ళు. వాకిట్లో నిలబడి, "కళ్ళు మూసుకుని పొండి నాయనా, లోపల చూలాలుంది" అని బతిమాలింది. ఆ మాట విన్న పాలాయన సైకిలుతో సహా మురిక్కాలవలోకి వెళ్ళాడు.

అప్పుడు తట్టింది పెంచలయ్యకు. "ఒసే, మనమే తలకిందులైతే బర్రె నిటారుగా పడుతుందే!"

ఇల్లంతా మురిసిపోయింది. పెంచలయ్య గుడ్డ విప్పి, కొట్టంలో గోడకు కాళ్ళానించి నెత్తి మీద నిలబడ్డాడు. పంచె జారి మొహం మీద పడింది. ఆయనకు ఏమీ కనపడలేదు గానీ బర్రెకు మాత్రం అంతా కనపడింది. పలుపు తెంపుకుని పరుగో పరుగు.

వెతకాలంటే చూడాలి. చూస్తే పడుతుంది. వెంగమ్మ గుడ్డ విప్పబోయి, మళ్ళీ బిగించుకుంది. "అమ్మా! నా తల్లీ!" అంటూ చేతులు చాచుకుని చేలన్నీ తిరిగింది. ఒక గడ్డివామును కౌగిలించుకుని కాసేపు ఏడ్చి, కొమ్ములు తగలకపోయేసరికి వదిలేసింది.

పొద్దువాలేవేళకు పక్కింటి ఓబుల్రెడ్డి బర్రెను తోలుకొచ్చాడు. ఆయన భుజాన తడి ఆరని దూడ. "మా చేలో ఈనిందమ్మా. పెయ్యదూడ."

వెంగమ్మ ఇక ఆగలేకపోయింది, గుడ్డ లాగేసింది. దూడ నుదుట తెల్లచుక్క, చెంచవ్వ చెవులంతేసి చెవులు. ఆమె కళ్ళు నిండిపోయాయి. ఓబుల్రెడ్డి దూడను కిందికి దించాడు. అది నాలుగు కాళ్ళూ వణికించి, ఒక్క అడుగేసి, బోర్లా పడింది.

"పడేశాను!" అని వెంగమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"పుట్టిన దూడ పడకుండా ఉంటుందా తల్లీ? అదిగో, లేచింది" అన్నాడు ఓబుల్రెడ్డి దానివైపే చూస్తూ.

"ఎవరు లేపారు?"

"ఎవరూ లేపలా. నేను చూస్తుండగానే లేచింది."

నలుగురూ గుసగుసలాడుకున్నారు. డాక్టరు చెప్పిన మెదడు ఇన్నాళ్ళూ పక్కింట్లోనే ఉంది! ఇంకేముంది, బర్రెకని తెచ్చిన కొత్త పలుపుతో ఓబుల్రెడ్డిని కొట్టంలో గుంజకు కట్టేశారు. మొహం దూడవైపు తిప్పారు. తాము వాకిట్లో కళ్ళు మూసుకుని హాయిగా కూర్చున్నారు.

కాసేపటికి లోపల్నుంచి కేకలు. "విప్పండర్రా! బర్రె దూడను తీసుకుని పోతోంది! గట్టు దాటింది! నా చేలోకి దిగింది!"

వెంగమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"అట్లాగే చూస్తా ఉండన్నా, నీకు పుణ్యముంటుంది. నువ్వు కన్ను తిప్పితే బిడ్డ పడిపోతుంది."